తూకానికి రాని సరుకు: మిద్దె యజమాని స్వరూప స్వభావాలు

సొంత ఇల్లు ఉండి, ఆ ఇంటి గోడకు కనీసం ఒక పగులుండి, ఆ పగులును గురించి ఊళ్లో కనబడిన ప్రతి మనిషితోనూ చర్చించి, చర్చించవలసిన ఒక్క మనిషి దగ్గరికి మాత్రం వెళ్లకుండా ఏళ్లు గడిపే గృహస్థును ఈ వ్యాసంలో మిద్దె యజమాని అని వ్యవహరించడం జరుగుతుంది. ఆ ఒక్క మనిషి స్ట్రక్చరల్ ఇంజనీరు, అనగా కట్టడంలో ఏ గోడ, ఏ స్తంభం, ఏ దూలం ఎంత బరువు మోస్తున్నదో, ఇంకెంత మోయగలదో లెక్కగట్టి చెప్పే సివిల్ ఇంజనీరు. మిద్దె యజమాని ఈ వృత్తిని చులకన చేయడు. వంతెనకు ఇంజనీరు కావాలనీ, కొశస్థలై నది మీద 1944లో కట్టిన పూండి జలాశయానికి ఇంజనీరు ఉండే ఉంటాడనీ ధారాళంగా ఒప్పుకుంటాడు. తన ఇల్లు వంతెనా కాదు, జలాశయమూ కాదన్నదే అతని వాదం, అయితే కార్తీక మాసపు వానల్లో ఈ వాదంలోని రెండవ భాగం కొంత బలహీనపడుతుంది.

ఈ మనిషి ఎక్కడైనా దొరుకుతాడు గానీ, మద్రాసు నుంచి అరక్కోణం పోయే రైలుదారిలో తిరువళ్ళూరు దాటిన తరువాత వచ్చే తిరువాలంగాడు పరిసరాల్లో అతని స్వభావం నిండుగా వికసించింది. నటరాజు పంచసభల్లో ఒకటైన రత్నసభ ఇక్కడి వడారణ్యేశ్వరాలయంలోనే ఉంది. కాళితో నాట్యంలో పోటీపడిన శివుడు ఒక కాలు నిలువునా పైకెత్తి ఊర్ధ్వతాండవం చేసి ఆమెను ఓడించాడని స్థలపురాణం. మేడ మీద మేడ వేసుకోవడానికి కింద స్తంభాలు చాలవని ఎవరైనా హెచ్చరిస్తే, "మా ఊరి సామి ఒంటికాలి మీదే నిలబడినాడు, నా మిద్దెకు నాలుగు కాళ్లుండాయి కదా" అని మిద్దె యజమాని ఇచ్చే జవాబుకు మూలం ఇదే. ఈ ఊరున్న తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1 వరకు ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లాలో ఉండి, సరిహద్దు తగాదాలో పటాస్కర్ ఇచ్చిన తీర్పు మీద 1959లో వచ్చిన సరిహద్దుల మార్పు చట్టంతో మద్రాసు రాష్ట్రంలో కలిసినందువల్ల, ఇక్కడి తెలుగు ఇళ్లలో యజమాని భార్యతో తెలుగులోనూ, మేస్త్రీతో తమిళంలోనూ, ఇంజనీరుతో ఇంగ్లీషులోనూ మాట్లాడతాడు. లెక్కను మాత్రం అతడు ఏ భాషలోనూ వినడు.

అతని ఇంటిని పురావస్తు పరిశోధకుడు చూసినట్లు పొరలు పొరలుగా చూడవలసి ఉంటుంది. వీధివైపు భాగం తాతగారి కాలపు మద్రాసు టెర్రస్, అంటే టేకు దంతెలు వరుసగా పరిచి, వాటి మీద పలుచని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేర్చి, పైన ఇటుకజల్లీ సున్నమూ కలిపి దట్టించిన కప్పు. ఆ దంతెల కొనలు గోడలోకి దూరినచోట తేమ తగిలి, చెద పట్టి, లోపల్లోపల గుల్లబారతాయి గనుక, కప్పు మధ్యలో నిక్షేపంగా కనబడుతూనే అంచుల్లో బలం కోల్పోతుంది. దాని వెనుక తండ్రిగారు వేయించిన కాంక్రీటు స్లాబు. ఆ స్లాబు మీద యజమాని స్వయంగా, అల్లుడు వచ్చి ఉండటానికని, ఎత్తించిన రెండు గదులు. ఆ గదుల మీద వెయ్యి లీటర్ల నీటి తొట్టి. కింద పునాదిని మాత్రం తాతగారి తరువాత ఎవరూ పలకరించలేదు. ఇటువంటి ఇంట్లో మూడు కాలాల కట్టడాలు మూడు రకాలుగా కుంగుతాయి గనుక, పాతా కొత్తా కలిసే అతుకు దగ్గర నిలువు పగులు తేలడం సహజమని ఇంజనీరు అంటాడు. దిష్టి తగలడం వల్లనని అత్తగారు అంటారు. మేస్త్రీ మాత్రం ఆ రెండూ కాదని చెప్పి, సిమెంటు ఎన్ని మూటలు కావాలో చెబుతాడు.

మిద్దె యజమాని ఆర్థిక సిద్ధాంతం సరిగ్గా ఇక్కడే బయటపడుతుంది. అతడు పిసినారి అన్న అపవాదు న్యాయం కాదు. సిమెంటును మూటల్లోనూ, కమ్మీని, అంటే ఇనుప కడ్డీని, కిలోల్లోనూ, కంకరజల్లిని యూనిట్లలోనూ కొని, ప్రతిదానికీ రసీదు తీసుకుని, ఇటుకలు దిగేటప్పుడు ఎండలో నిలబడి లెక్కపెట్టించి, చెప్పిన ధర ఇచ్చి పంపుతాడు. తూకానికి వచ్చే దేనికైనా అతడు డబ్బు ఇస్తాడు. లెక్క తూకానికి రాదు. పెన్సిలుతో కాగితం మీద వేసి ఇచ్చిన రెండు పుటల గణితం ఎన్ని గ్రాములుంటుందన్న ప్రశ్నకు అతని మనసులో సమాధానం దొరకదు గనుక, దానికి వెల కట్టడం కూడా అతనికి చేతకాదు. స్తంభంలో నాలుగు కమ్మీలు చాలినచోట మేస్త్రీ భయంకొద్దీ ఎనిమిది వేయించినా సంతోషంగా కొంటాడు. ఆ నాలుగు ఎక్కువనీ, అవి ఉండవలసినది పక్కనున్న దూలంలోననీ చెప్పే మనిషికి మాత్రం కాఫీ ఇచ్చి పంపుతాడు.

వాస్తు సిద్ధాంతి సంగతి వేరు. ఆయన చెప్పేదీ తూకానికి రానిదే అయినా, దక్షిణను తాంబూలంలో పెట్టి బేరం లేకుండా ఇవ్వడం ఆచారం. సిద్ధాంతి ఈశాన్యాన ఉన్న తలుపును జానెడు జరపమంటే, ఆ జానెడు కోసం లింటెల్‌ను, అనగా తలుపు నెత్తిన గోడ బరువును ఆపి ఉంచే కాంక్రీటు పట్టెను, సగానికి కోయించిన మిద్దె యజమానులు ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఇప్పుడు ఐశ్వర్యమూ వస్తున్నది, వానా వస్తున్నది.

సలహాసభలో తక్కిన సభ్యులను త్వరగా చెప్పుకోవచ్చు: ఏ ఊరి సిమెంటు మంచిదో తన దగ్గర ఉన్న సరుకును బట్టి తేల్చే హార్డ్‌వేర్ దుకాణదారు, అంబత్తూరులో అపార్టుమెంటు కొని అప్పటినుంచి కట్టడాల విషయంలో ప్రమాణపురుషుడైన బావమరిది, ఎదురింట్లో రిటైరైన తాసిల్దారు. సభాపతి మేస్త్రీయే. మేస్త్రీ నైపుణ్యాన్ని తక్కువ చేయడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. రసమట్టం లేకుండా కంటితోనే వాలు చెప్పగలవాళ్లూ, కాంక్రీటు పాళ్లను వాసనతో పసిగట్టేవాళ్లూ ఈ ప్రాంతంలో ఉన్నారు. ఎముక విరిగితే ఆసుపత్రి దాటుకుని సరిహద్దు అవతలి పుత్తూరు కట్టుకు పోయినట్లే, గోడ విరిగితే ఇంజనీరును దాటుకుని మేస్త్రీ దగ్గరికి పోవడం ఇక్కడ వాడుక; అయితే పుత్తూరులో కట్టు కట్టేవాడు ముందు ఎముకను తడిమి చూస్తాడు, మేస్త్రీ గోడకు పైపూతను మాత్రమే తడుముతాడు. చూడటం పూర్తయ్యాక అతడు అనే మాట ఒక్కటే: "ఏం కాదు లేన్నా, నాది గ్యారంటీ."

గ్యారంటీ అన్న మాట తిరువాలంగాడు పక్కన పలకడానికి కొంత ధైర్యం కావాలి. రాజేంద్ర చోళుడు తిరువాలంగాడు ఆలయానికి దానమిచ్చినట్లు 1905లో వెలుగుచూసిన రాగిశాసనాలు చెప్పే పళయనూరు ఈ పక్కనే ఉంది; నీలి కథ జరిగినదీ ఆ ఊళ్లోనే. భార్య వేషంలో వచ్చిన నీలి అనే పిశాచం వెంట ఒక రాత్రి ఉండటానికి ఒక వర్తకుడు జంకగా, అతని ప్రాణానికి తమ ప్రాణాలు పూచీ అని ఊరి వెళ్లాళులు డెబ్బై మంది మాట ఇచ్చారనీ, తెల్లవారేసరికి అతడు చచ్చి పడి ఉండగా, ఆ డెబ్బై మందీ మాట తప్పకుండా అగ్నిలో దూకారనీ ఐతిహ్యం. మేస్త్రీ ఇచ్చే పూచీకి ఇంత నిప్పు ఉండదు. పూత రాలిన మరుసటి ఏడు అతడు మళ్లీ వచ్చి, పోయినసారి ఇసుక మంచిది కాదని చెప్పి, కొత్త పూతకు కొత్త పూచీ ఇస్తాడు.

ఆ పూత ఎందుకు రాలుతుందో ఇక్కడ చెప్పుకోవడం అవసరం, ఎందుకంటే మిద్దె యజమాని ఖర్చులో అధికభాగం ఈ ఒక్క అజ్ఞానం మీదే పోతుంది. మంచి కాంక్రీటు గాఢమైన క్షారగుణం గలది. దాని పీహెచ్ 12కు పైన ఉన్నంతకాలం లోపలి కమ్మీకి తుప్పు పట్టదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి లోపలికి ఇంకుతూ ఆ క్షారాన్ని విరిచివేస్తుంది. ఆపై నీరు తగిలిన కమ్మీకి తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెట్టింపుకు మించిన చోటు ఆక్రమిస్తుంది గనుక, చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలినుంచి నెట్టి పెచ్చులుగా ఊడగొడుతుంది. కమ్మీకి పైన ఉండే కాంక్రీటు మందాన్ని కవర్ అంటారు, ఐ.ఎస్. 456 అనే భారతీయ ప్రమాణం ప్రకారం మామూలు ఇంటి స్లాబుకు అది 20 మిల్లీమీటర్లు, స్తంభానికి 40 మిల్లీమీటర్లు ఉండాలి. యజమాని తండ్రిగారి స్లాబులో, కమ్మీల కింద బిళ్లలు పెట్టడం ఆనాడు ఎవరికీ తోచనందువల్ల, అది కొన్నిచోట్ల సున్నపు వెల్ల మందమే. తుప్పు గీకి, కుళ్లిన కాంక్రీటు తీసివేసి, కమ్మీ ఎంత అరిగిందో కొలిచి, అవసరమైతే కొత్త కమ్మీ జతచేసి, ఆ తరువాత పూయవలసిన చోట, తుప్పు మీదే సిమెంటు రాయడం వల్ల లోపలి పని నిరాటంకంగా సాగుతూ, ఒక మధ్యాహ్నం పెచ్చు ఒకటి సాంబారు గిన్నెలో పడుతుంది. యజమాని దృష్టి మరమ్మత్తు మీదికి మళ్లేది ఆనాడే.

2014 జూన్ 28న మౌలివాక్కంలో కడుతూ ఉన్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు కూడా ఇటువంటి కదలిక వచ్చింది. ఆ వారం రోజులూ తిరువళ్ళూరు మొదలు తిరుత్తణి దాకా మిద్దె యజమానులు తమ స్తంభాలను చేత్తో తట్టి చూసుకున్నారు. తరువాత అది పదకొండు అంతస్తులనీ, తమది రెండేననీ గుర్తుకు వచ్చి ఊరుకున్నారు. అంతస్తులను బట్టి కాక, మోసే భాగానికీ మోయవలసిన బరువుకూ ఉన్న నిష్పత్తిని బట్టి కట్టడం నిలుస్తుందన్న మాట అప్పుడు చెప్పినవాళ్లు ఉన్నారు. అది కూడా లెక్కే కావడం చేత వినేవాళ్లు లేకపోయారు.

చివరికి ఇంజనీరు గడప తొక్కడానికి కారణం పగులు కానే కాదు, వంటిల్లు. అంబత్తూరు బావమరిది ఇంట్లో వంటగదికీ హాలుకూ మధ్య గోడ లేదు, దానిని ఓపెన్ కిచెన్ అంటారు, అది యజమాని భార్య చూసి వచ్చింది. ఆ అపార్టుమెంటు స్తంభాలూ దూలాలూ కలిసి చట్రంలా నిలిచిన కట్టడం గనుక, అందులో లోపలి గోడలు తడికల వంటి అడ్డుగోడలే, తీసినా నష్టం లేదు. మిద్దె యజమాని ఇల్లు, అక్కడక్కడా స్తంభాలున్నా, గోడల మీదే నిలిచిన కట్టడం, అందులో తొమ్మిదంగుళాల ప్రతి గోడా బరువు మోసే గోడ. ఈ తేడా తెలియని మేస్త్రీ సమ్మెట ఎత్తేలోగా, బ్యాంకులో మరమ్మత్తు అప్పుకు ఇంజనీరు సంతకం అడిగారు. ఇంజనీరు వచ్చింది ఆ సంతకం కోసం.

వచ్చినవాడు ముప్పై ఏళ్లు దాటని యువకుడు కావడం యజమానికి మొదటి నిరాశ. అతడు హాల్లో కూర్చోకుండా తిన్నగా గోడకు వేలాడే మురుగన్ క్యాలెండరు దగ్గరికి వెళ్లి దానిని ఎత్తాడంటే, అతనికి ఈ ప్రాంతం తెలుసునని అర్థం. తిరుత్తణి కొండ మీది స్వామి క్యాలెండర్లు ఇక్కడి ఇళ్లలో కాలాన్ని తెలపడంతోపాటు పగులును దాచే పని కూడా చేస్తాయి. పాత క్యాలెండరు తీయకుండా అదే మేకుకు కొత్తది తగిలించడం ఆచారం గనుక, ఒక్కొక్కటే ఎత్తుతూ పోతే, పగులు పెరిగినకొద్దీ క్యాలెండరు సైజు పెరుగుతూ వచ్చిన సంగతి సంవత్సరాలతో సహా తేలింది. ఇంత చక్కగా భద్రపరచిన ఆధారం పెద్ద కంపెనీల భవనాల్లో కూడా దొరకదని అతడు సంతోషించి, పగులు మీద సన్నని గాజుపట్టీ అంటించి తేదీ వేశాడు. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్లు, పగలకపోతే పాత గాయం మానినట్లు. ఇంత కీలకమైన పరీక్షకు అద్దం ముక్క వాడటం యజమానికి నచ్చలేదు.

తరువాత బయటికి వచ్చినది రీబౌండ్ హామర్. స్ప్రింగు బలంతో కాంక్రీటును కొట్టి, ఎంత వెనక్కు ఎగిరిందో చూసి పైపొర గట్టిదనాన్ని అంచనా కట్టే సాధనం ఇది. తక్కువ ఎగిరితే కాంక్రీటు మెత్తనిదని అర్థం. "సుత్తి మా ఇంట్లోనే ఉండాది సార్, చెప్పుంటే తీసిచ్చుందును" అన్నాడు యజమాని, సుత్తికి కూడా ఫీజు పడుతుందేమోనన్న అనుమానంతో. ఆ తరువాత కాంక్రీటుకు ఒకవైపు నుంచి ధ్వనితరంగాన్ని పంపి మరోవైపు అందుకునే అల్ట్రాసోనిక్ పరికరం వచ్చింది. 2018 వరకు అమలులో ఉన్న 1992 నాటి ఐ.ఎస్. 13311 మొదటి భాగం ప్రకారం ఆ వేగం సెకనుకు 3.5 కిలోమీటర్లు దాటితే కాంక్రీటు మంచిది, 3 కిలోమీటర్లకు తగ్గితే అనుమానించదగినది. యజమాని స్తంభంలో అది 2.8 అని తేలగా, దశాంశంలో రెండే కదా తక్కువ, అడ్జస్టు చేయలేరా అని అతడు అడిగాడు.

అసలు సంభాషణ గోడ దగ్గర జరిగింది. పది అడుగుల పొడవూ పది అడుగుల ఎత్తూ ఉన్న తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఒక్కటే సుమారు 4 టన్నులుంటుందనీ, పదడుగుల చదరపు గదికి అయిదంగుళాల స్లాబు దాదాపు 3 టన్నులుంటుందనీ, తీయదలచిన గోడ నెత్తిన పైఅంతస్తు గోడా రెండు స్లాబులూ మనుషులూ సామానూ కలిపి 10 టన్నులు దాటి కూర్చుని ఉన్నాయనీ, దానిని తీయాలంటే ముందు రెండువైపులా జాకీలు పెట్టి కప్పును ఆపి, బదులుగా ఇనుప దూలం దూర్చి, ఆ దూలపు రెండు కొనల కింద కొత్తగా పునాది వేయాలనీ ఇంజనీరు ఓపికగా వివరించాడు. యజమాని కూడా అంతే ఓపికగా విన్నాడు. విని, "ముప్పై ఏండ్లుగా మోస్తానే ఉండాది కదా సార్, దానికి అలవాటై ఉంటింది" అన్నాడు. గోడ తీసేస్తే ఆ అలవాటు ఎవరికి వస్తుందన్న ప్రశ్నకు ఆ మధ్యాహ్నం సమాధానం రాలేదు. 2002 నాటి భూకంప ప్రమాణంలో చెన్నై ప్రాంతాన్ని తీవ్రతలో రెండవ మండలం నుంచి మూడవ మండలానికి మార్చారని ఇంజనీరు అనగా, అదేదో ప్రమోషన్ అనుకుని యజమాని ముఖం వికసించింది.

ఫీజు విషయంలో జరిగినదంతా చెప్పడం గ్రంథవిస్తరం. ఆ మొత్తం రెండు చిన్న కిటికీల వెలకు మించలేదనీ, హాల్లో దించదలచిన జిప్సం సీలింగు దానికి ఎన్నో రెట్లనీ మాత్రం గుర్తించాలి. జిప్సం సీలింగు పెచ్చులూడిన స్లాబును కంటికి కనబడకుండా చేస్తుంది, అంటే ఖరీదైన క్యాలెండరు. "వచ్చి చూసి పోయేదానికేనా సార్ ఇంత?" అన్న వాక్యం ఇక్కడ అన్ని ఇళ్లలోనూ ఒకే స్వరంలో వినబడుతుంది. మళ్లీ అదే మనిషి, ఇంజనీరు మెట్లు దిగుతుండగా, పెద్దమ్మాయి ఇంటి సన్‌షేడ్ కూడా, దారిలోనే కదా, ఒక్క నిమిషం చూసి పొమ్మంటాడు.

నివేదిక వచ్చింది, యజమాని దానిని పసుపు పెట్టి బీరువాలో ఉంచాడు. దాని జిరాక్సును మేస్త్రీకి చూపి రెండవ అభిప్రాయం అడిగాడు. మేస్త్రీ రెండు పుటలు తిప్పి, బొమ్మలు బాగున్నాయన్నాడు. తమిళనాడు ప్రభుత్వం 2024 జులైలో, 2,500 చదరపు అడుగుల లోపు స్థలంలో 3,500 చదరపు అడుగుల లోపు కట్టే ఇళ్లకు ముందస్తు తనిఖీ లేకుండా ఆన్‌లైన్‌లో అనుమతి ఇచ్చే స్వీయ ధ్రువీకరణ పద్ధతి ప్రవేశపెట్టడంతో పరిస్థితి మరింత క్లిష్టమైంది. ప్లాను నిబంధనల ప్రకారమే ఉన్నదని యజమాని తానే హామీ ఇవ్వడం ఆ పద్ధతి సారాంశం. బరువుల లెక్కకు అది బదులు కాదు. మిద్దె యజమాని మాత్రం తనను ఇంజనీరుగా ప్రభుత్వమే ధ్రువీకరించిందని అర్థం చేసుకుని, బావమరిదికి ఫోను చేశాడు.

ఇంత చెప్పిన తరువాత అతని పక్షాన ఒక మాట అనకపోతే అన్యాయమవుతుంది. వాస్తుశిల్పులకు 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ఉన్నట్లు, దేశం మొత్తానికి స్ట్రక్చరల్ ఇంజనీరు ఎవరో తేల్చే చట్టం లేదు. రాష్ట్రాల నియమాల కింద, తమిళనాడులోనైతే 2019 నాటి సమగ్ర భవన నిర్మాణ నియమావళి కింద, స్థానిక సంస్థల దగ్గరా ప్రణాళికా సంస్థల దగ్గరా జరిగే నమోదే ఆధారం. బజారులో బోర్డు మీద ప్లాను, అనుమతి, వాస్తు, కాంట్రాక్టు, ఇటుకల సప్లై అన్నీ ఒకే మనిషి పేరిట రాసి ఉన్నప్పుడు, అతడు చెప్పే లెక్క ఇంటి కోసమా ఇటుకల కోసమా అని యజమాని అనుమానించడం తెలివితక్కువతనం కాదు. తన అనుమానాన్ని కాంట్రాక్టరు మీద పెట్టవలసింది పోయి, లెక్క మీద పెట్టడమే అతని పొరపాటు. పని చేసే కాంట్రాక్టుతో సంబంధం లేనివాణ్ణి, నమోదు సంఖ్య అడిగి, కొలతలూ బొమ్మలూ ఉన్న రాతపూర్వక నివేదిక ఇస్తానంటేనే పిలిస్తే, ఆ అనుమానానికి చాలావరకు మందు దొరుకుతుంది.

ఇటువంటి యజమాని బంధువర్గంలో ఉన్న పాఠకులు ఇంజనీరును పిలిపించదలిస్తే ఈశాన్య రుతుపవనం వెనుదిరిగిన వెంటనే, తడిమచ్చలు ఆరకముందే పిలిపించాలి. సంక్రాంతికి పుట్టీ పెట్టి రంగు వేశాక అయితే, పగులు ఎంత వెడల్పుందో, ఎటు నడిచిందో కొలవడానికి ముందు గోడ గీకించవలసి వస్తుంది. ఆ కూలి ఫీజులో చేరదు.